పన్నెండో మాతృకలో వంపు

పన్నెండో మాతృకలో నడవ గోడ మధ్యలో ఎందుకు వంగిందన్న సందేహం తాయారుకు ఇరవై ఏడేళ్ల నాటిది. పటం మీద ఉన్నది ఆమె పేరే. అయినా కారణం ఆమెకు తెలియదు.

ఆ రోజూ కార్యాలయానికి వస్తూనే, పటాలను పోల్చి చూసే యంత్రం పోల్చరి అంచున కుంకుమబొట్టు పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుని, మొదటి పటాన్ని దాని నోటికి అందించింది. ఆకుపచ్చ. రెండోది, ఆకుపచ్చ.

మెట్టపురంలో మాతృక లేని ఇల్లు కట్టకూడదు. సముద్రం మింగిన ఊళ్ల జనం ఈ మెట్టకు చేరిన ఏడాది ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకున్నారు. మొదటి గాలివానకే ఆ ఇళ్లు కూలి మూడు వందలమంది పోయారు. ఆ తర్వాత గాలివానకు నిలిచే పరీక్షలో నెగ్గిన పన్నెండు పటాలే మాతృకలయ్యాయి. ఇల్లు గీసేవాళ్లెవరైనా వాటిలో ఒకదాని పేరు ‘మూలం’ గడిలో రాసి, నూటికి ఎనభై పాళ్లు దాన్ని పోలి ఉండేలా గీయాలి. పూర్వం వాస్తుశిల్పులు పాత పటాలు ముందేసుకుని, ఒకచోటినుంచి చావడి, ఇంకోచోటినుంచి వసారా తీసుకుని, ఆలోచించి, తమదంటూ ఒకటి చేసేవారట. ఇప్పుడు తీసుకోవడం మిగిలింది. చేయడం పోయింది.

పన్నెండో మాతృకకు నలభై ఒక్క వేల ఇళ్లు పుట్టాయి. అన్ని నడవల్లోనూ గోడ వంగే ఉంది. మంచాలు మోసేవాళ్లు ఆ మలుపు దగ్గర తిట్టుకుంటారు. వంపు గాలిని లోపలికి మళ్లిస్తుందని పిల్లల పాఠాల్లో ఉంది. ఆ ముక్క మొదట రాసింది తాయారే. ఏదో ఒకటి రాయాలి కాబట్టి రాసింది.

మాతృకలకు మూలం ఉండదు. వాటి గడిలో ‘స్వయంభువు’ అని ఉంటుంది. దేవుడికి తప్ప చెల్లని మాట. పొద్దున్నే ఇంట్లో భర్త ప్రవర చెబుతూ తన గోత్రం, తన ఋషుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటుంటే, పక్కన నిలబడ్డ తాయారుకు రోజూ ఆ గడి గుర్తొస్తుంది.

పదకొండో పటం దగ్గర పోల్చరి ఎర్రబడింది.

‘పన్నెండో మాతృకకు లోపమున్న నకలు. పోలిక డెబ్బై తొమ్మిది. వంపు లేదు. మూలం ఖాళీ. మూడో తిరస్కారం. స్థలం స్వాధీనం.’

మూడో తిరస్కారం మనిషికి ఎదురుగా చెప్పాలన్నది నియమం. తాయారు పిలిపించింది. డెబ్బై దాటిన ఆమె వచ్చి కూర్చుంది. వేళ్ల సందుల్లో సున్నం తిన్న మచ్చలు.

“పేరు?”

“నాంచారమ్మండి. తాపీపనోళ్లం. ఇరవై ఏడేళ్లు రేకుల షెడ్డులో ఉన్నాక మొన్న స్థలం వచ్చింది.”

“మూలం రాయలేదేం?”

“ఏం రాయమంటారండి? నా బుర్రలోది. ఈ మిషనేమో ఎవరిదో కాపీ కొట్టానంటంది. అదీ సరిగ్గా కొట్టలేదంట. దొంగతనం చేత్తే చేశావు, పని నేర్చుకుని చెయ్యమన్నట్టుంది.”

పక్క బల్ల దగ్గరి గుమాస్తా శేషాచలం నవ్వాడు. “మొదటే ఆ వంపు పెట్టుంటే పోయేది కదా మామ్మా.”

“ఎందుకు పెట్టాలి బాబూ? ఇప్పుడు మా అత్త లేదుగా.”

తాయారు తల ఎత్తింది. “అత్తేమిటి?”

“గాలివాన తర్వాత పెట్టిన క్యాంపులో ఇంటికి పునాది ముగ్గు పోశానండి. నడవ గోడకి తాడు లాగితే సరిగ్గా మా అత్త మంచం మీదుగా వచ్చింది. నాలుగు రోజుల జ్వరం, అప్పుడే కునుకు పట్టింది. లేపబుద్ధి కాలేదు. మంచం చుట్టూ తిప్పి పోశాను. సాయంత్రం సరిచేద్దామనుకున్నా. సాయంత్రానికి ఆవిడ పోయింది. ఇంక ఆ గీత చెరపబుద్ధి కాలేదు. ఇల్లు లేవకముందే క్యాంపు ఎత్తేశారు లెండి.”

నలభై ఒక్క వేల ఇళ్లలో జనం ఇన్నేళ్లుగా నిద్రపోతున్న ఒక ముసలామెను తప్పుకుని నడుస్తున్నారు.

“ఆ రోజే ఒక అమ్మాయిగారు వచ్చారండి,” అంది నాంచారమ్మ. “ముగ్గు చూసి మెచ్చుకున్నారు. నా కొలతాడే అడిగి పుచ్చుకుని కొలుచుకున్నారు. మళ్లీ ఇస్తానని పట్టుకుపోయారు. పదహారు ముళ్ల తాడు. మా అయ్యది.” తాయారు ముఖంలోకి కాసేపు చూసింది. “అప్పుడు కళ్లజోడు లేదు.”

ఆ రోజు పేరు అడగాలని కూడా తాయారుకు తోచలేదు.

ఆమె పోల్చరి వైపు తిరిగి పన్నెండో మాతృకను తెరిచింది. మూలం గడిలో ‘స్వయంభువు’ను చెరిపేసింది.

శేషాచలం లేచి వచ్చాడు. “ఆ గడి ముట్టుకోకండి మేడం. లైసెన్సు లేని మనిషి పేరు ఎక్కిందంటే దాని కిందున్న ఇళ్లన్నీ మళ్లీ పరీక్షకొస్తాయి. మీ కుర్చీ సంగతి సరేసరి.”

“తెలుసు.”

“అన్నిళ్లూ చూడాలంటే పదేళ్లు పడుతుంది.”

“ఒక్కసారైనా చూడాలి కదా శేషాచలం. ఇంతవరకు మనం పోల్చామే గాని చూడలేదు.”

ఆమె నెమ్మదిగా రాసింది: ‘నాంచారమ్మ. నేల మీద పోసిన ముగ్గు. వంపుకు కారణం: అత్తగారు నిద్రపోతోంది.’ తర్వాత ఎర్రబడ్డ పటాన్ని మళ్లీ లోపలికి పంపింది.

పోల్చరి ఎన్నడూ లేనంతసేపు ఆగింది. ‘రచయిత తన పటాన్ని తానే సవరించుకుంది. పోలిక అక్కర్లేదు. స్థలం ఖాయం.’

గోడమీది నగరపటంలో ఆకుపచ్చ చుక్కలు వీధి తర్వాత వీధిగా పసుపుపచ్చకు తిరిగాయి. ఎక్కడో హెచ్చరిక గంట మోగింది. ఆ తర్వాత ఇంకోటి. శేషాచలం తలుపు వేయబోయి, ఎందుకో మానుకున్నాడు.

తాయారు సొరుగు లాగింది. ఏటా ఆయుధపూజనాడు పసుపు పూసి బొట్టు పెట్టడంతో రంగు మారిన తాడు అందులో చుట్టగా ఉంది. దాన్ని రెండు చేతులతో తీసి అందించింది.

నాంచారమ్మ తాడు విప్పి, వేలితో ఒక్కొక్క ముడీ తడిమి చూసుకుంది.

“పదహారూ ఉన్నాయి,” అంది. చుట్ట చుట్టి నడుముకు దోపుకుంది. “చిన్న ఇల్లే అమ్మాయిగారూ. కొలవడానికి మీకు చాలా కాలం పట్టింది.”