మేం కొనని ఇంటి గోడ

మా సందు చివరి ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. ఆ వైపు పనుంటే పక్కవీధి చుట్టి పోతారు. రాత్రిపూట ఆ ఇంట్లో ఎవరో గోడ తడతారని అంటారు. టక్... టక్... కాసేపు ఆగి, మళ్ళీ టక్.

కట్టించిన ముసలావిడేనట. దగ్గరుండి ఒక్కో ఇటుకా పేర్పించుకుని, ఆ ఇంట్లోనే పోయింది. కొడుకు అమ్మేశాడు. కొన్నాయన తాళం వేసుకుని వెళ్ళి మళ్ళీ ఇటు రాలేదు. తాళం పడిన ఇంటికి కథలు పుట్టడం ఎంతసేపు?

ఆ ఇల్లు మేం కొనాల్సింది.

మా ఆయన తాపీ మేస్త్రీ. ముసలావిడ కొడుకు ముందు మమ్మల్నే అడిగాడు. మా తాహతుకు తగ్గ ఇల్లు. వంటగది కిటికీ చూడగానే నాకు మనసు పడింది. ఆయన మాత్రం గోడలు నిమిరి చూసి, కొత్తగా రంగు వేశారు, అడుగున చెమ్మ ఉందో లేదో తెలీదు, ఒక వాన పడనివ్వండి అన్నారు. ఎవరి ఇల్లు చూడమన్నా ఆయనది అదే మాట. ఆ మాటతో చాలామందిని కాపాడారు కూడా.

వానకన్నా ముందు ఇంకొకాయన వచ్చి కొనేశాడు. గోడల వంక చూడనైనా లేదట.

తర్వాత వాన కుండపోతగా కురిసింది. ఆ గోడల మీద చిన్న మరక లేదు.

అప్పటి నుంచి మా ఆయనకు నిద్ర లేదు. చుట్టుపక్కల ధరలు చెయ్యి అందనంత ఎత్తుకు పోయాయి. మా తమ్ముడు వచ్చినప్పుడల్లా, "బావా, మబ్బు పట్టింది, ఏదైనా ఇల్లు చూసొద్దామా?" అంటాడు. ఆయన నవ్వరు, కోప్పడరు. పరంజా మీద నిలబడి కునుకు తీశారని, కూలీ ఒకడు పట్టుకోబట్టి సరిపోయిందని తెలిసింది. ఈసారి పట్టుకునేవాడు లేకపోతే... ఆ ఆలోచనతో నాకూ నిద్ర కరువైంది.

మొన్న మా అమ్మాయి బట్టల దుకాణం నుంచి ఆలస్యంగా వస్తూ, కాళ్ళు పీకుతున్నాయని ఆ దగ్గరి దారే పట్టింది. ఇంటి ముందుకు రాగానే —

టక్.

కాళ్ళు ఆగిపోయాయట. టక్... టక్... మధ్యలో ఎవరో నిట్టూర్చినట్టు. గేటు సందులోంచి చూస్తే వెనక వసారాలో ఒక ఆకారం... గోడకు చెంప ఆనించి.

ఇంటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. "అమ్మా... అది గోడతో మాట్లాడుతోంది," అంది.

దుప్పటి కప్పాను. ఆయన్ని లేపుదామని పక్కగదిలోకి వెళ్ళాను. మంచం ఖాళీ. చెప్పులు లేవు.

అర్థమైంది. బయల్దేరాను. భయం వేయలేదని కాదు. అంతకన్నా ఎక్కువ అలసట.

ఆ ఇంటి వెనక గేటుకు గడియే ఉంది, తాళం లేదు. వసారాలోకి వీధి దీపం వెలుగు ఏటవాలుగా పడుతోంది.

"ఏమండీ."

చప్పుడు ఆగింది. ఆయనే. చెంప గోడకే ఉంది. వేళ్ళ కణుపులు దోక్కుపోయి ఉన్నాయి.

ఎన్నాళ్ళ నుంచి అని అడగలేదు. ఆయనే గొణిగారు. "ఒక్కచోట డొల్లగా పలికితే చాలే. పోతే పోయిందిలే అనుకుని పడుకుంటాను."

"పలికిందా?"

"లేదు. బండరాయిలా ఉంది."

ఇల్లు తెచ్చివ్వలేను. నిలబడే ఓపిక లేక నేనూ పక్కనే గోడకు ఆనుకున్నాను. కాస్త ఎడంగా, ఆయన చెయ్యి పడని చోట, వేలు మడిచి ఒక్కసారి కొట్టాను.

"ఇదిగో. ఇక్కడ డొల్ల," అన్నాను.

పచ్చి అబద్ధం. గోడల దగ్గర పుట్టి పెరిగిన మనిషి, నమ్మరనే అనుకున్నాను. కానీ ఆయన అలాగే నిలబడి చాలాసేపు విన్నారు. ముఖం మెల్లగా వదులైంది.

"అవునే," అన్నారు. "డొల్లే."

ఇంటికి వచ్చి, చెప్పులైనా సరిగా విడవకుండా పడి నిద్రపోయారు. పొద్దెక్కి లేచారు. తాపీ సంచి తీసుకుని పనికి వెళ్ళారు. దెయ్యం కాదే, మీ నాన్నే అని చెబితే అమ్మాయి నమ్మలేదు. తర్వాత నవ్వింది. జ్వరమూ దిగింది.

ఇప్పుడు రాత్రిళ్ళు అందరూ నిద్రపోతున్నారు. నాకే పట్టడం లేదు.

గోడ అవతలిది తాళం వేసిన గది. నేను కొట్టింది ఒక్కసారే. ఆ మాట అన్నాక, ఆయన వింటున్నప్పుడు... అవతలి వైపు నుంచి, నా వేలు ఉన్న చోటే... తొందరేమీ లేనట్టు, ఎవరో రెండుసార్లు తిరిగి కొట్టారు.