తప్పులేని పద్యం

"కూర్చోకు, అంత టైమ్ లేదు," అని కసిరాడు చీఫ్. ఆయనకూ ఏజెంట్ డేగకూ మొదటినుంచీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. "రాకెట్ ఫార్ములాతో మీ అక్క కారులో బయలుదేరింది. ఉన్నవి రెండే దారులు. వంతెన, సొరంగం. ఒకదాంట్లో బాంబు పెట్టారు. ఎందులోనో మీ మామే చెప్పాలి."

ఆ మామ డేగకు సొంత మేనమామ. వంటవాడి వేషంలో శత్రువుల డెన్‌లో దూరి, గరిటె తిప్పుతూనే వాళ్ల గుట్టు లాగే మొండిఘటం. కబురు ఏదైనా కందపద్యంలోనే పంపుతాడు. వంతెనంటే ఏటి వడ్డాణం, సొరంగమంటే కొండ నోరు. ఆ పోలికలే కోడ్.

సెంటు వాసన ముందొచ్చింది, వెనకాల నెమలి వచ్చింది. మామ కబుర్లు మోసే కొరియర్ ఆవిడే. అందగత్తె, పైగా ఛందస్సులో గోల్డ్ మెడల్. లిప్‌స్టిక్ మూత తిప్పి మైక్రోఫిల్మ్‌ను బల్ల మీద పడేసింది.

ప్రొజెక్టర్ వెలిగింది. గోడ మీద నాలుగు పాదాలు. వాన, కోన, దీన, సోన అంటూ మొదలయ్యాయి. కొండ నోట్లో నిప్పుందని చివరి పాదం.

"బాంబు సొరంగంలో ఉంది. కారును వంతెన మీదికి పోనివ్వండి," అంది నెమలి.

చీఫ్ చేతిలోని మైకును డేగ లాగేసుకున్నాడు. "అక్కా! వంతెన ఎక్కకు. సొరంగంలోకి పో!"

"మతి పోయిందా?" చీఫ్ పిస్టల్ తీశాడు.

"ఏంట్రా ఆ కొట్లాట?" స్పీకర్‌లో అక్క అరిచింది. "వంతెన మొదట్లో ఆగాను. ఏ దారో ఒక్కళ్లే చెప్పి చావండి!"

"నా మాట విను. పో!"

నెమలి నవ్వింది. "పద్యం చదవడం రానివాడికి పెత్తనమొకటి! ప్రాస చూడు. ప్రతి పాదంలో రెండో అక్షరం 'న'. ఎక్కడైనా తప్పిందా?"

"తప్పలేదు. అందుకే ఇది మామ పద్యం కాదు. నాలుగో పాదంలో ఆయన కావాలనే ప్రాస తప్పిస్తాడు. ఆ గుర్తు మా ఇద్దరికే తెలుసు. నువ్వు ఆ పాదాన్ని తిరగరాశావు. తప్పుగా రాసినా గట్టెక్కేదానివి. చదువుకున్న చెయ్యి, ఊరుకుంటేగా!"

నెమలి చెప్పు మడమలోంచి కత్తి దూసింది. చీఫ్ పిస్టల్ అటు తిరిగింది. అప్పుడే స్పీకర్ బద్దలయ్యేలా పేలుడు.

"అక్కా!" డేగ మైకులో అరిచాడు.

"ఒరేయ్," అక్క దగ్గుతూ పలికింది. "నేను సొరంగంలో ఉన్నాన్రా. వెనకాల వంతెన లేచిపోయింది."

"మామ ఏడీ?" అని డేగ నెమలి మీద విరుచుకుపడ్డాడు.

"బతికే ఉన్నాడు. ముసలాడు ఇంకా పనికొస్తాడని ఉంచాం." బేడీలు పడుతున్నా ఆవిడ చూపు గోడ మీదే. "ప్రాస తప్పితే అదీ ఒక పద్యమేనా!"

"ఆయన్ని తీసుకొచ్చాక పాత పద్యాలన్నీ నీ జైలుకు పంపిస్తాను," అన్నాడు డేగ. "దిద్దుకుంటూ కూర్చో."