ఖాళీగా వదలాల్సిన మంచె

అది 1958, నవంబరు నెల. ఆ ఏడు చలి ముందే దిగింది. మా ఉత్తర మిషిగన్ అడవిలో టామరాక్ చెట్ల ఆకులు పసుపెక్కి, ఒక్క గాలికే అన్నీ రాలిపోయాయి. ఆకు రాలిన నాటి నుంచి పన్నెండు రోజులు లెక్కపెట్టుకో, పోతు జింకలకు పిచ్చెక్కుతుంది అనేవాడు మాతో వేటాడే యాల్మర్. ఎదకొచ్చిన పెంటి వాసన తగిలితే పోతుకి తిండి ఉండదు, నిద్ర ఉండదు, మనిషంటే భయం ఉండదు. ఏడాదంతా పొదల్లో నక్కిన జంతువు పట్టపగలు ఎదురుగా నడిచి వస్తుంది. ఆ నాలుగైదు రోజులు దాటాయా, మళ్ళీ దాని తోక కూడా కనబడదు. పదిహేడేళ్ళలో యాల్మర్ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఆ యాల్మర్ ఆ మార్చిలోనే పోయాడు. అతనూ, నేనూ, నా బావమరిది రెయినో, ముగ్గురం గడ్డకట్టిన సరస్సు మీద నడిచి వస్తుంటే అతని కాళ్ళ కింద మంచు పగిలింది. తాడు విసిరాం. తాడు ఇవతలి కొస రెయినో చేతిలో ఉంది. జారిపోయింది. మూడో రోజు శవం దొరికింది. అందులో ఎవరి తప్పూ లేదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

మా వేటగాళ్ళలో ఒక ఆచారం ఉంది. చనిపోయినవాడి మంచెను ఒక సీజను ఖాళీగా వదిలేయాలి. ఎవరూ ఎక్కకూడదు.

నేను ఎక్కుతానన్నాను.

"బుద్ధుందా బావా నీకు?" అన్నాడు రెయినో. తెల్లవారుజామున వేట గుడిసెలో పొయ్యి ముందు కూర్చుని కాఫీ తాగుతున్నాం. "ఒక్క ఏడు ఆగలేవా?"

"నేను ఆగుతానురా. నీ మేనల్లుళ్ళ కడుపులు ఆగుతాయా?"

నేను పనిచేసే గని ఆగస్టులో మూతపడింది. ఇంట్లో నలుగురు పిల్లలు. నేలమాళిగలో బంగాళదుంపలు తప్ప ఏమీ లేవు. ఒక్క పెద్ద పోతు పడితే చలికాలం గడిచిపోతుంది.

"నా మంచె నువ్వు తీసుకో. నేను వాగు దగ్గర కూర్చుంటా."

"నీ మంచె కిందికి వచ్చేవి ఉడతలు. నీ సాక్సుల కంపుకి అవి కూడా మానేశాయి. పోతులు గిట్టలతో గీరిన మట్టి అంతా యాల్మర్ మంచె చుట్టూనే ఉంది. నిన్న చూశాను. ఇంకా తడి ఆరలేదు."

రెయినో గొంతు తగ్గించాడు. "అన్నీ అక్కడికే ఎందుకు చేరాయంటావు?"

"చచ్చినవాడికి మాంసం దేనికిరా? వచ్చి అడిగితే ఒక తొడ కోసి ఇస్తాలే."

వాడు నవ్వలేదు. "మా అక్క వద్దనలేదా?"

"మీ అక్క వద్దన్నవన్నీ మానేసి ఉంటే నాకు పెళ్ళే అయ్యేది కాదు. చూడు, చీకటి పడేదాకా నీ మంచె దిగకు. నేనే వస్తాను."

అది మా మొదటి నియమం. తుపాకులున్న అడవిలో ఎవరి చోటు వాళ్ళు కదలరు. రెయినో ఆ నియమం తప్పగా నేను ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం నుంచి మంచు పడుతోంది. యాల్మర్ మంచె దేవదారు చెట్లు కమ్మిన చిత్తడి అంచున ఉంటుంది. రెండు నిలువుల ఎత్తు. ఇద్దరు కూర్చోగల బల్ల. గాలి లేదు. తడిసిన దేవదారు బెరడు వాసన, దాని కింద ఎదలో ఉన్న పోతు మూత్రపు ఘాటు. నా ఊపిరి తప్ప చప్పుడు లేదు. మూడు దాటాక వెలుతురు బూడిద రంగుకు తిరిగింది.

అప్పుడు చిత్తడి లోపల కొమ్ములు మోగాయి.

టక్. టక్. తరువాత ఒక పొడవాటి రాపిడి. తరువాత నేల మీద గుద్దు.

పోతులు కొట్టుకుంటే ఆ మోతకు తాళం ఉండదు. ఇది మనిషి చప్పుడు. రెండు విడి కొమ్ములు ఒకదానికొకటి కొట్టి, పోట్లాట జరుగుతున్నట్టు నమ్మించి పోతులను రప్పిస్తాం. ఒక్కొక్కరిది ఒక్కో వరస. ఇది యాల్మర్ వరస. అతని కొమ్ముల జతను మార్చిలో నా చేతులతో నేనే శవపేటికలో పెట్టాను.

దిగి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

పొదలు కదిలాయి. పోతు బయటికి వచ్చింది. మెడ ఆబోతు మెడలా ఉబ్బి ఉంది, నోట్లోంచి నురగ కారుతోంది. అరవై అడుగుల దూరం. తుపాకీ భుజానికి ఎత్తాను. అది తల ఎత్తి చూసింది.

నన్ను కాదు. నా ఎడమ పక్కకు.

మదమెక్కిన పోతు దేనికీ జంకదు. దీని వెనక కాళ్ళు వణుకుతున్నాయి. పారిపోదామని ఉంది, పారిపోలేకపోతోంది...

వాసన మారింది. సరస్సు అడుగు నీటి వాసన. బురద, నాచు, మంచు.

నా పక్కన బల్ల కిందికి వంగింది... మెల్లగా... ఒక మనిషి కూర్చున్నంత.

నేను తల తిప్పలేదు.

"ఇంకా కాదు."

చెవిలో. యాల్మర్ గొంతే. బతికుండగా నా తొందర చూసి అలాగే అనేవాడు.

"నీ లెక్క నీతోనే పోయింది," అన్నాను పెదవులు కదలకుండా. "పక్కకు జరుగు."

"ఇంకా కాదు... ఇంకొంచెం..."

నా మణికట్టు చుట్టూ చల్లగా ఏదో బిగుసుకుంది. వేలు కదల్లేదు. పోతు ఒక అడుగు వేసింది. భయం లేదని అబద్ధం చెప్పను. కానీ భయం కన్నా కోపం పెద్దది. నా పిల్లల తిండి నా ముందు నిలబడి ఉంది. దానికి నాకెవరి సెలవూ అక్కర్లేదు.

"నీ సంగతి తరువాత," అని చెయ్యి విదిలించి మీట నొక్కాను.

పోతు కూలింది.

దాని వెనక పొదల్లో మనిషి అరిచాడు.

ఎలా దిగానో తెలియదు. రెయినో మంచులో వెల్లకిలా పడి ఉన్నాడు. గుండు పోతు మెడలోంచి దూసుకెళ్ళి వాడి ఎడమ మోకాలిలో దిగింది. నా బెల్టు తీసి తొడకు బిగించాను.

"ఎందుకొచ్చావురా? దిగొద్దన్నానుగా!"

"పోతులు కొట్టుకుంటున్నాయి బావా... గంట నుంచీ... నేను ఆగితే అవీ ఆగేవి. నేను కదిలితే మళ్ళీ..."

"గంట నుంచా?"

"నీకు వినబడలేదా?"

నాకు వినబడింది ఒక్కసారే.

ఆ తరువాత మా ఊళ్ళో ఒక మాట స్థిరపడిపోయింది. యాల్మర్ ఆత్మ రెయినోను కాపాడబోయిందట, మొండివాణ్ణి నేను వినలేదట. పాస్టరు కూడా అదే అన్నాడు. రాత్రి బడిలో ముప్ఫై ఏళ్ళప్పుడు నేర్చుకున్న అక్షరాలతో నా జవాబు రాసిపెడుతున్నాను.

కాపాడేవాడైతే "అక్కడ రెయినో ఉన్నాడు" అనేవాడు. ఇంకా కాదు అన్న నోటికి ఆ మాట బరువా? రెయినో వంగి నడిచిన అడుగుల జాడ మంచులో నేను చూశాను. ఇంకో నాలుగడుగులు వేసి ఉంటే వాడి గుండె పోతుకు సరిగ్గా వెనక ఉండేది. అంత కచ్చితంగా కాలం లెక్క కట్టగలిగినవాడు మా అడవిలో ఒక్కడే. తాడు ఎవరి చేతిలోంచి జారిందో అతను మరిచిపోలేదు.

మరుసటేడు అదే మంచె ఎక్కాను. ఆ తరువాత ఇరవై రెండేళ్ళు ఎక్కాను. ఎంత మంచు పడినా నా ఎడమ పక్క బల్ల మీద నిలవదు. నేను జరిగి కూర్చోను.

ఆ పోతు మాంసం మార్చి దాకా వచ్చింది. రెయినో ఎడమ కాలు నవంబరు ఇరవై తొమ్మిదిన మోకాలి పైకి తీసేశారు.