ఫిల్టరు వదిలిన నీళ్లు

పొద్దున్నే పురుగుల గది తలుపు తీసిన మునిలక్ష్మమ్మ తట్టల దగ్గరికి ఉరికింది. నాలుగో కుబుసం విడిచి ఆవురావురుమంటూ మేయాల్సిన పట్టుపురుగులు తట్టల్లో తలలు వాల్చేసి ఉన్నాయి. రాత్రి వేసిన మల్బరీ ఆకు వేసినట్టే ఉంది. వరుసగా ఇది రెండో పంట పోవడం.

కారణం వెతకాల్సిన పనేముంది? ముట్టయిన ఆడది ఆ గదిలో అడుగుపెట్టకూడదన్నది తాతలనాటి కట్టుబాటు. కోడలు నయన చదువుకున్న పిల్ల, అలాంటివి పట్టించుకునే రకం కాదు. ఇంకేం, దోషి ఇంట్లోనే దొరికిపోయింది!

"నిజం చెప్పు. ముట్టుతో లోపలికి పోయినావా లేదా?"

"లేదత్తా, నా బిడ్డ మీద ఒట్టు. ఆకు చూడత్తా, అంచులన్నీ మాడిపోయినాయి. ఆకులోనే ఏదో ఉండాది."

"నా చేత్తో పెంచిన తోటను అంటావా? బట్టలు సర్దుకో. మళ్లీ పంట చేతికొచ్చేదాకా బేతమంగళలో మీ అమ్మ దగ్గరుండు, పో!"

నయన మొగుడి వైపు చూసింది. కేశవ తలెత్తలేదు. తోట బోరు దగ్గర ఫిల్టరు మిషను పెట్టి, రాబర్ట్‌సన్‌పేట హోటళ్లకు నీళ్ల క్యాన్లు వేస్తున్నాడు. అంత గొప్ప కొడుకు నోరు మెదపకపోతే, తన మాటే సరైనదనుకుంది మునిలక్ష్మమ్మ.

పది గంటల బస్సుకని నయన సంచీ పట్టుకుని, నాలుగేళ్ల రక్షితతో గడప దాటింది. "నానా, మేము యాడికి పోతాండాము?" అంది పిల్ల. అంతే, కేశవ ఉరికి వాళ్లకు అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, నయన తప్పేం లేదు. మిషను ఒక క్యాను మంచినీళ్లిస్తే రెండు క్యాన్ల ఉప్పునీళ్లు బయటికి వదుల్తాది. బోరులో నీళ్లు దిగిపోయి తోటకు చాలక, ఆ నీళ్లే పారగట్టినాను. ఏ నీళ్లయితే ఏమనుకొంటి. ఆ ఉప్పు ఆకుకెక్కే పురుగులు పోయినాయని పోయిన పంటప్పుడే తెలిసింది. చెప్పేకి నోరు రాలేదమ్మా."

"అప్పుడే తెలుసా! నేను దాన్ని అన్నేసి మాటలంటా ఉంటే నిలబడి ఇన్నావేమిరా?"

మునిలక్ష్మమ్మ తోటలోకి పరుగెత్తింది. మొక్కల మొదట్లో తెల్లటి పొరలు కట్టి ఉన్నాయి. కాలువ నీళ్లు నోట్లో పోసుకుని థూ అని ఉమ్మేసింది. ఇరవయ్యేళ్ల తోట ఉప్పుపాలయింది. మొన్నటిదాకా ఊరంతా తిరిగి కొడుకు క్యాన్ల గొప్పలు చెప్పుకున్నది తనే.

తిరిగొచ్చి కోడలి చేతిలోని సంచీ లాక్కుంది. "ఆకు చూడమంటే నీ మొగం చూసి తిడితిని తల్లీ. రా, చచ్చిన పురుగుల్ని ఎత్తాల. నా ఒక్కదాని వల్ల కాదు."

నయన గది ముందు ఆగిపోయింది. "అత్తా, పొద్దున్నించి నేను బయట చేరినాను."

"చేరితే చేరినావులే. వాటిని చంపింది నువ్వు కాదు," అంటూ మునిలక్ష్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. మొదటి తట్ట ఎత్తబోయి, కోడలి భుజం మీద వాలిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది.