నాలుగు వేళ్ళ సందు

వాన పొద్దుటి నుంచీ వదలకుండా కురుస్తోంది. మధ్యాహ్నమైనా లైట్లు వేసుకునే కూర్చున్నారు. చిట్టి కంప్యూటర్ తెర వైపు గుర్రుగా చూస్తోంది. పక్క బల్ల దగ్గర ఆమె అక్క మొగుడు. ఇద్దరూ ఒకే కంపెనీలో కట్టడాల ఇంజనీర్లు.

వాళ్ళ ఆఫీసున్న భవనానికీ ఎదుటి భవనానికీ మధ్య, మూడో అంతస్తులో, ఒక పాత నడకవంతెన ఉంది. ఏళ్ళ తరబడి మూసి ఉన్న దాన్ని తిరిగి తెరవొచ్చో లేదో చిట్టి తేల్చి చెప్పాలి. నేలను మోసే పాత ఇనప దూలం కింద కొత్త దూలం దూర్చి, రెండింటి మధ్యా వరసగా స్ప్రింగులు బిగించారు. కంప్యూటర్లో ఆమె దూలాలను చిన్న చిన్న ముక్కలు చేసి, పై దూలం మీది ఒక చుక్కకీ కింది దూలం మీది ఒక చుక్కకీ మధ్య ఒక్కో స్ప్రింగునూ గీతలా కట్టింది. దూలాలు వంగితే చుక్కలు జరుగుతాయి. దగ్గరైతే స్ప్రింగు నొక్కుకుంటుంది, దూరమైతే సాగుతుంది. అంతకుమించి దానికేమీ తెలీదు.

లెక్క ప్రకారం అన్నీ నొక్కుకునే ఉండాలి. కానీ వంతెన మీది కొలత పరికరాలు పంపే అంకెల్లో నడిమి స్ప్రింగు సాగుతోంది. పై దూలాన్ని ఎవరో కింది నుంచి ఎత్తుతున్నట్టు.

"పరికరం తడిసి చచ్చుంటుంది" అన్నాడు బావ.

"నిన్ననేగా మార్చాం."

"అయితే నీ లెక్కే తప్పు మరదలా."

చిట్టికి ఒళ్ళు మండింది. "నువ్వు తెర చూస్తూ ఫోన్లో చెప్పు. నేనెళ్ళి దాని మీద నిలబడతా. అప్పుడు తేలుతుంది ఎవరిది తప్పో."

కారిడార్ చివరి ఇనప తలుపు వంతెన లోపలికి తెరుచుకుంది. వంతెన అవతలి చివర గోడ కట్టి మూసేశారు. ఇరుపక్కలా రేకులే, కిటికీలు లేవు. తడి తుప్పు వాసన. పైన వాన చప్పుడు. ఆమె నాలుగడుగులు వేసిందో లేదో, గాలికి తలుపు వెనక ధడాలున మూసుకుంది. ఫోను వెలుతురులో నడిచి మధ్యకి చేరింది.

"నిలబడ్డా బావా."

"ఆఁ, నొక్కుకుంది... ఆగు. మళ్ళీ సాగుతోందేంటి? గెంతుతున్నావా?"

"నేను కదలట్లేదు."

కాళ్ళ కింద నేల లేచింది. మెల్లగా, ఊపిరి పీల్చిన రొమ్ములా.

చిట్టి వెనక్కి అడుగేసింది. అక్కడా లేచింది.

"ఇప్పుడు పక్క స్ప్రింగు సాగుతోంది. నీ వెంటే వస్తోంది చిట్టీ" బావ గొంతు మారిపోయింది. "బయటికొచ్చెయ్. పరిగెత్తు!"

తలుపు చేరి పిడి పట్టి లాగింది. రాలేదు. లేచిన నేలకి తలుపు అడుగంచు కరుచుకుపోయింది. ఎంత లాగితే అంత బిగుసుకుంటోంది. ఫోన్లో కుర్చీ తోసిన చప్పుడు... తర్వాత ఏమీ లేదు.

అప్పుడు వినబడింది. నేల పలకల సందులోంచి.

"లే..."

ఆమె పలకల మీదికి వంగింది.

"నా మీంచి... లే..."

రెండు దూలాల మధ్య సందు నాలుగు వేళ్ళు. ఆ సంగతి ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

తలుపు అవతల బావ గుద్దుతున్నాడు. "రావట్లేదే ఇది!"

చిట్టి ఆలోచించింది. తను ఎక్కడుంటే అది అక్కడ ఎత్తుతోంది. తను ఇక్కడున్నంతసేపూ తలుపు రాదు.

"బావా, నేను మళ్ళీ లోపలికెళ్తా. వదులవగానే తొయ్యి."

"నీకేమైనా పిచ్చా!"

"తొయ్యి, అంతే."

చీకట్లోకి నడిచింది. ఒక్కో అడుగూ. మడమల కింద నేల ఉబ్బుతూ వెంట వస్తోంది. వెనక కీచుమంటూ తలుపు తెరుచుకుంది. వెలుతురు పడింది.

వెనుదిరిగి పరిగెత్తింది. అరికాళ్ళ కింద ధన్... ధన్... అదీ పరిగెడుతోంది. గడప దగ్గర నేల లేచి ఆమెను పడదోసింది. బావ ఆమె మణికట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడు. ఇద్దరూ కారిడార్లో పడ్డారు. అతను లేచి తలుపు లాగి గడియ పెట్టాడు.

"ఎవరే లోపల?"

"లోపల కాదు బావా..." అంది. గడప కిందికి వేలు చూపించింది.

మర్నాడు పనివాళ్ళను పిలిచి పలకలు ఊడదీయించారు. సందులో స్ప్రింగులు తప్ప ఏమీ లేదు. కానీ పాత దూలం అడుగున, ఇనుములో, మెత్తటి పిండిలో అద్దినట్టు లొత్తలు. రెండు అరచేతులు. వాటి నడుమ గుండ్రంగా, నుదురంత ఒకటి. నడిమి నుంచి తలుపు దాకా, మళ్ళీ మళ్ళీ అవే. పనివాళ్ళు సామాన్లు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

బావ ఏదో అంటున్నాడు. చిట్టి వినడం లేదు. కారిడార్ వైపు చూస్తోంది. అక్కడ దూలాలు లేవు, స్ప్రింగులు లేవు. గట్టి కాంక్రీటు, దాని మీద టైల్స్.

వాళ్ళు పడ్డచోట ఒక టైల్ పైకి లేచి ఉంది. దాని ముందు ఇంకొకటి. అలా మెట్ల దాకా. మొదటి మెట్టు నడుమ సన్నగా చీలింది. దాని కిందదీ. ఆ కిందదీ...

నిన్న సాయంత్రం వాళ్ళిద్దరూ ఇంటికి వెళ్ళిన దారి అది.