వెన్నులో జబ్బు, తలుపుకు గడియ

బొల్లారంలో ముసురు పట్టిన సాయంత్రమది. చనిపోయిన డోరా కోసం పెట్టిన ఆదరణ కూడిక ముగిసింది. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్లారు. చుట్టాలు టీ తాగి, గొడుగులు వెతుక్కుని కదిలారు. భార్యను పోగొట్టుకున్న జీవరాజు, ఏడేళ్ల కూతురు క్యారల్, మరదలు ఎమిలీ మిగిలారు. దేవుడు సాక్షి, ఆ సాయంత్రం అంతవరకూ ఆ ఇంట్లో భయం లేదండీ. దుఃఖమొక్కటే ఉంది.

డోరాకు వెన్నెముకలో టీబీ. జబ్బు బయటపడినప్పుడే, నర్సుగా పనిచేసే ఎమిలీ చెప్పింది.

"బావా, జెర ఇను. ఊపిరితిత్తులదైతే దగ్గుతోని అంటుకుంటది. గడ్డలది, ఎముకలది గట్ల అంటుకోదు. కొందరి ఒంట్ల క్రిములు పండుకునే ఉంటయి, వాళ్లకు జబ్బే లేదు. అన్నిటినీ ఒక్క గాటన కట్టకు."

"పాములల్ల సుత రకాలుంటయి ఎమిలీ. నువ్వైతే మెడలేసుకుంటవా?" అన్నాడు జీవరాజు.

బిడ్డకేమవుతుందోనని అతని భయం. డోరాను వెనక గదిలో పెట్టాడు. కంచం వేరు, గ్లాసు వేరు, తలుపుకు గడియ. క్యారల్ ఇవతల కూర్చుని బడి కబుర్లు చెబితే, అవతల నుంచి తల్లి ఊఁ కొట్టేది. మందులకు లొంగని రకమని తేలేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డను ముట్టుకోకుండానే ఆ తల్లి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

కరెంటు పోయింది. ఎమిలీ కొవ్వొత్తి కోసం వంటింట్లోకి వెళ్లింది. తడిగోడల వాసన, వాడిన చామంతుల వాసన. వెనక గది ముందు క్యారల్ గొంతు... బడి కబుర్లు చెబుతోంది.

అవతల నుంచి ఎవరో ఊఁ కొట్టారు...

జీవరాజు ఉన్నచోటే ఆగిపోయాడు.

"ఏమండీ..." డోరా గొంతే. "ఒక్కపారి పిల్లకు జడ ఏస్త. అంటుకోదన్నరు గద..."

ఆ మాటకు భయం కూడా మరిచిపోయాడండీ. పరుగున వెళ్లి గడియ తీశాడు.

"ఏయి డోరా... నన్ను మన్నించు."

లోపల, కిటికీలోంచి పడే మసక వెలుతురులో, ఖాళీ మంచం. క్యారల్ వెళ్లి దాని అంచున కూర్చుంది. పిల్ల జుట్టు మూడు పాయలుగా విడిపోయింది. ఒక పాయ మీద ఒకటి... మెల్లగా... అల్లుకుంది. పిల్ల కళ్లు మూసుకుని నవ్వింది. జీవరాజు మోకాళ్ల మీద పడి ఏడ్చాడు.

జడ పూర్తయింది. క్యారల్ లేవబోయింది. లేవలేకపోయింది.

"డాడీ... ఎవరో చెయ్యి పట్టుకున్నరు."

"అమ్మే, తల్లీ."

"అమ్మ కాదు..."

మంచం కింద నుంచి పసిగొంతు, గుసగుసగా: "అక్కా... నన్ను సుత ముట్టుకో..."

దాని వెనక ఇంకొకటి. ముసలి గొంతు. అది జీవరాజును పేరు పెట్టి పిలిచింది. చచ్చినవాళ్లలోనూ రకాలుంటాయని, తను గడియ తీసింది డోరా ఒక్కదానికే కాదని అప్పుడు తెలిసిందండీ అతనికి.