ముద్ద మింగేదాకా

మా హరిత బువ్వ తినాలంటే టీవీలో హరితే కనబడాలి. వేరే పిల్లలు కుక్కల బొమ్మలు, పిల్లుల బొమ్మలు అడుగుతారు. మా పిల్ల తన మొదటి పుట్టినరోజు వీడియో అడుగుతుంది. ఈ అలవాటు చేసింది మా మేనత్త సుందరలక్ష్మి. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని మా ఇంటికి వచ్చేసిన మనిషి. నన్ను పెంచింది, తర్వాత నా కూతుర్ని పెంచింది. హరితకు అవ్వంటే ఆమే.

ఎడమ చేతిలో రిమోటు, కుడి చేతిలో ఇంగువ దండిగా వేసిన పప్పన్నం ముద్ద. ముద్ద నోట్లో పెట్టగానే బొమ్మ ఆపేసేది.

"మింగు. మింగితేనే కదుల్తాది" అనేది.

పిల్ల మింగేదాకా రిమోటు కదిలేది కాదు. మింగాక మళ్ళీ నొక్కేది. అట్లా గిన్నె ఖాళీ అయిపోయేది. పుట్టినరోజు కేకు కొయ్యడం మాత్రం ఏనాడూ పూర్తిగా చూసే వీలుండేది కాదు మాకు.

ఆ వీడియో ఉండేది నా సర్వర్లో. నందికొట్కూరు బజారులో మాది బట్టల అంగడి. పగలంతా చీరలు విప్పి మడతపెట్టే నాకు, ఇంటికొచ్చాక కంప్యూటర్లతో కుస్తీ పట్టడం సరదా. పాత కంప్యూటర్ ఒకటి బాగుచేసి, పెళ్ళి వీడియోలు, పిల్ల వీడియోలు అన్నీ అందులో పెట్టాను. ఇంట్లో ఏ టీవీలో కావాలంటే ఆ టీవీలో చూసుకోవచ్చు. రెండు టీవీలను జతచేస్తే రెండింట్లోనూ ఒకే బొమ్మ ఒకేసారి నడుస్తుంది, ఒకదాంట్లో ఆపితే రెండోదాంట్లోనూ ఆగుతుంది. నా భార్య శివజ్యోతి ఆ పెట్టెకు సవతి అని పేరు పెట్టింది.

మాఘమాసంలో అత్త నిద్రలోనే పోయింది. పురోహితుడు అనంతయ్య గారు పంచాంగం చూసి పెదవి విరిచారు. ధనిష్ఠా నక్షత్రం.

"ఇల్లు పాడుపెట్టల్లప్పా ప్రసాదూ. ఆరునెల్లు దీపం పెట్టగూడదు, మనిషి మసలగూడదు. ఈ నచ్చత్రంలో పోయినోళ్ళు ఒంటరిగా పోరు. ఇంట్లో ఎవురిమింద మనసుంటే వాళ్ళని తోడు పిలుస్తారు. వాళ్ళు వచ్చే దావ మూసెయ్యల్ల."

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం తక్కువ. ఇంట్లో పసిపిల్లను పెట్టుకుని వాదించే ధైర్యం అంతకంటే తక్కువ. సామాను కూడా కదిలించవద్దంటే, బట్టలూ నాలుగు గిన్నెలూ పట్టుకుని వీధి చివర అద్దె ఇంట్లోకి మారాం. పాత ఇంటికి తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప వేయించాం. హాలు టీవీ ప్లగ్గు నేనే పీకాను. మెయిన్ మాత్రం తీయలేదు. అద్దె ఇంటికి ఇంటర్నెట్ మీద వీడియో పంపాల్సింది ఆ సర్వరే. అది ఆగితే హరితకు వీడియో రాదు, వీడియో రాకపోతే బువ్వ తినదు. మనిషి లోపలికి పోకూడదన్నారు గాని, బొమ్మ బయటికి రాకూడదని ఎవరూ అనలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఎండలు ముదిరాక తిప్పలు మొదలయ్యాయి.

అద్దె ఇంట్లో టీవీ పాతది. పెద్ద కెమెరాతో తీసిన ఆ వీడియోను అది ఉన్నదున్నట్టుగా చూపించలేదు. సర్వరే దాన్ని ఎప్పటికప్పుడు చిన్నది చేసి, టీవీకి అర్థమయ్యే రూపంలోకి మార్చి పంపాలి. ట్రాన్స్‌కోడింగ్ అంటారు. గ్రాఫిక్స్ చిప్పు ఆ పని చేస్తే బొమ్మ సాఫీగా నడుస్తుంది. అది మొరాయిస్తే భారమంతా ప్రాసెసర్ మీద పడి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. మాకు అలాగే వచ్చేది. కాసేపు నడిచేది. ఆగేది. మళ్ళీ నడిచేది.

హరిత తినడం మానేసింది. పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉండేది. అడిగితే కడుపు నిండిందనేది. మెడ కింద ఎముకలు తేలాయి. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, జబ్బేమీ లేదు, బాగా తినిపించండి అన్నాడు. ఆ మాట వింటుంటే నాకు ఒళ్ళు మండింది. తినిపించడం చేతకాకే కదా ఆయన దగ్గరికి పోయింది.

"ఏమండీ, ఆ వీడియో ఆగకుండా చెయ్యండి" అంది శివజ్యోతి. "అది ఆగినప్పుడల్లా పిల్ల నోరు తెరుస్తాది. నేను ముద్ద పెట్టబోతే మొగం తిప్పుకుంటాది. శానా భయంగా ఉండాది నాకు."

ఆ ఆదివారం మధ్యాహ్నం అంగడి తెరవకుండా లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. శివజ్యోతి పెరుగన్నం కలిపి హరితను టీవీ ముందు చాప మీద కూర్చోబెట్టి, పక్కన పళ్ళెం పెట్టింది. వీడియో మొదలైంది. నేను చిప్పు డ్రైవర్ మార్చి చూశాను. సెట్టింగుల్లో హార్డ్‌వేర్ వాడమన్న టిక్కు ఉంది. చిప్పును వాడుకునే అనుమతి సర్వరుకు ఉంది. చివరికి, ఎవరు ఏం చూస్తున్నారో చూపించే పేజీ తెరిచాను.

చిప్పు దివ్యంగా పనిచేస్తోంది. వీడియోను మార్చడం ఎప్పుడో అయిపోయింది, ముందుగానే టీవీకి వచ్చి చేరింది కూడా. ఆగడానికి కారణమే లేదు.

టీవీలో బొమ్మ ఆగింది.

పేజీలో ఆపినట్టు రెండు నిలువు గీతలు వచ్చాయి. మా టీవీ పేరు పక్కన కాదు. దాని పైన, జతచేసిన ఇంకో టీవీ పేరు పక్కన.

పాత ఇంటి హాలు టీవీ. నేను ప్లగ్గు పీకేసిన టీవీ.

తలెత్తి హరితను చూశాను. నోరు తెరిచింది. మూసింది. నమిలింది... గొంతు కదిలింది. మింగింది.

పేజీలో గీతలు పోయాయి. బొమ్మ నడిచింది.

పళ్ళెంలో పెరుగన్నం మీద ఈగ వాలింది.

ఎవరో ఇంట్లో దూరి ఉంటారు, నాకు నేనే చెప్పుకున్నాను. దొంగలో, ఖాళీ ఇల్లు దొరికిందని చేరిన ఆకతాయిలో. శివజ్యోతికి చెప్పకుండా ఫోను జేబులో వేసుకుని బయటపడ్డాను.

మిట్టమధ్యాహ్నం. మా ఊళ్ళో ఆ వేళకు వీధిలో కుక్క కూడా తిరగదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. నాపరాళ్ళ అరుగులు సెగలు కక్కుతున్నాయి. నా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

పాత ఇంటి గుమ్మానికి కంప వేసింది వేసినట్టే ఉంది. తాళం మీద దుమ్ము చెదరలేదు. హాలు కిటికీ దగ్గరికి వెళ్ళాను. రెక్కలు మూసే ఉన్నాయి, లోపలి నుంచి గొళ్ళెం పెట్టి. గోడ అవతల సర్వరు ఫ్యాను సన్నగా తిరుగుతోంది.

అప్పుడు వాసన వచ్చింది.

ఇంగువ తిరవాత. ఇప్పుడే నెయ్యిలో వేసి, పప్పులో పోసినట్టు. పొయ్యి వెలిగించి మూడు నెలలు దాటిన ఇంట్లోంచి. నా నోట్లో నీళ్ళూరాయి. అందుకు నా మీద నాకే అసహ్యమేసింది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చేసరికి ఈ వాసనే ఎదురొచ్చేది నాకు.

కిటికీ సందుకు చెవి ఆనించాను. లోపల పుట్టినరోజు పాట నడుస్తోంది. చప్పట్లు. పసిపిల్ల కేరింత. ఠక్కున ఆగింది.

నిశ్శబ్దం.

గాజులు కదిలాయి... గిన్నె అంచుకు తగిలినట్టు.

"మింగు" అంది లోపల ఎవరో. మెల్లగా. బుజ్జగిస్తూ. "మింగు తల్లీ... ఇంగ రెండే."

చెవి తీసి అదే సందుకు కన్ను ఆనించాను. హాలంతా చీకటి. టీవీ వెలగడం లేదు. సందులోంచి పడిన సన్నని వెలుగులో, దాని ప్లగ్గు నేను పీకి పడేసినట్టే నేల మీద పడి ఉంది. మిగతాది కనబడలేదు. కనబడేదాకా చూసే ధైర్యం నాకు లేదు.

అనంతయ్య గారి మాట గుర్తొచ్చింది. దావ మూసెయ్యల్ల. ఈ ఇంటి నుంచి నా పిల్ల దగ్గరికి నేను వదిలిపెట్టిన దావ ఒక్కటే. ఫోను తీశాను. వేళ్ళు చెమటకు జారుతున్నాయి. సర్వరు ఆపెయ్యమన్న చోట నొక్కాను. నిజంగా ఆపాలా అని అడిగింది. అవును. అవును.

గోడ అవతల ఫ్యాను వేగం తగ్గింది... ఇంకా తగ్గింది... ఆగిపోయింది.

గాజుల చప్పుడు లేదు. వాసన కూడా పోయింది. దుమ్ము వాసన, గబ్బిలాల వాసన, పాడుపెట్టిన ఇంటి వాసన. అంతే. లోపల ఎవరూ లేరని ఒంటికి తెలిసిపోయింది. ఏడుపొచ్చింది నాకు. అత్తా, నన్ను మన్నించు అనుకున్నాను. నువ్వు పెంచిన పిల్లే, కానీ నువ్వు తీసుకుపోవద్దు. కళ్ళు తుడుచుకుని అద్దె ఇంటి వైపు నడిచాను. ఎన్నాళ్ళకో గుండె తేలికైంది.

సగం వీధి నడిచాక ఒక సంగతి తట్టింది. లోపల ఎవరూ లేరు, నిజమే. మరి నేను దావ మూసినప్పుడు అత్త ఏ వైపున ఉంది?

అక్కణ్ణుంచి పరిగెత్తాను.

శివజ్యోతి వంటింటి గడపలో నిలబడి ఉంది. నన్ను చూసి పెదవి మీద వేలు పెట్టుకుంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు, ముఖంలో సంతోషం.

"టీవీ ఇప్పుడే ఆగిపోయింది" అని గుసగుసలాడింది. "నేను ఇట్ల లోపలికి వస్తూనే, తనంతట తానే తింటాండాది. కదిలించాకండి. నవులుతాండాది చూడండి."

టీవీ నల్లగా ఉంది. హరిత దానికి వీపు పెట్టి కూర్చుంది. చాప మీద తన పక్కనున్న ఖాళీ జాగా వైపు తిరిగి, బుగ్గ ఉబ్బించి నములుతోంది. పళ్ళెంలో పెరుగన్నం కలిపింది కలిపినట్టే, పైన ఎండి పొర కట్టి ఉంది.

దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. పిల్ల గడ్డం మీద పసుపుపచ్చగా ఏదో అంటుకుని ఉంది. వేలితో తుడిచాను. పప్పు. ఆ రోజు మా ఇంట్లో పప్పు వండలేదు.

వేలికి వేడి తగిలింది.

"హరితా" అన్నాను.

పిల్ల నా వైపు చూడలేదు. నోట్లోది మింగింది. మళ్ళీ నోరు తెరిచింది.